తాడుకు కట్టిన లాగర్లు చూపిస్తున్న వేడి నిజంగా ఎటు పోతోంది? విశాఖ తీరంలో తీసిన కొలతలపై ఒక సందేహం

లోతుకొలత (విశాఖపట్నం) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను విశాఖలో డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తాను. సముద్రపు పై పొరల్లో వేడి కిందికి ఎలా చేరుతుందో మా విద్యార్థులు స్వయంగా కొలిచి చూడాలన్న ఉద్దేశంతో, ఫిషింగ్ హార్బర్‌లోని ఒక మరపడవ యజమాని సాయం తీసుకుని, తీరానికి ఎదురుగా సుమారు 60 మీటర్ల లోతున్న చోట ఒక తాడును నిలబెట్టాము. అడుగున సిమెంటు దిమ్మ, పైన వలలకు కట్టే బెండ్ల గుత్తి ఉన్నాయి. మధ్యలో 5, 10, 20, 30, 40, 50 మీటర్ల దగ్గర ఉష్ణోగ్రతను తమలోనే నమోదు చేసుకునే చిన్న లాగర్లను బిగించాము. అవి పది నిమిషాలకు ఒకసారి కొలుస్తాయి. ఏప్రిల్ నెల కావడంతో ఆకాశం నిర్మలంగా ఉంది, గాలి కూడా పెద్దగా లేదు.

లాగర్లను పైకి తీసి చూస్తే, 10 మీటర్ల దగ్గర ఉష్ణోగ్రత దాదాపు 28.6 డిగ్రీల వద్ద నిలకడగా ఉంది. 30 మీటర్ల దగ్గర 27.5, 50 మీటర్ల దగ్గర 23.5 డిగ్రీలతో మొదలైన నీరు మాత్రం ఆరు గంటల్లో సగటున 3 డిగ్రీలు చల్లబడింది. తరువాతి ఆరేడు గంటల్లో ఆ ఉష్ణోగ్రత చాలావరకు వెనక్కి వచ్చింది కాని, సరిగ్గా మొదటి స్థాయికి రాలేదు.

ఒక ఘనమీటరు సముద్రజలాన్ని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 41 లక్షల జౌళ్లు కావాలి. 20 మీటర్ల మందమున్న పొర ఆరు గంటల్లో 3 డిగ్రీలు చల్లబడాలంటే చదరపు మీటరుకు దాదాపు 11,400 వాట్ల చొప్పున వేడి బయటికి పోవాలి. మిట్టమధ్యాహ్నపు ఎండ కూడా చదరపు మీటరుకు 1,000 వాట్లకు అటూఇటూగానే ఉంటుంది గదా! లాగర్లను పరీక్షశాలలో మంచునీటిలోనూ గోరువెచ్చని నీటిలోనూ ముంచి సరిచూసుకున్నాము కాబట్టి, లోపం వాటిలో ఉందని నేను అనుకోవడం లేదు. ఇంత వేడి ఎక్కడికి పోయింది, మళ్లీ ఎక్కడి నుంచి వచ్చింది? అసలు వేడి పైనుంచి కిందికి దిగే వేగాన్ని నమ్మదగిన రీతిలో కొలవాలంటే ఏ పద్ధతి అనుసరించాలి?

పాత వాల్తేరు రాసిన సమాధానం:

మీ లాగర్లు సరిగ్గానే పని చేశాయి. మీ గుణకారంలోనూ తప్పు లేదు. ఒక లోతు దగ్గర ఉష్ణోగ్రత మారిందంటే అక్కడి నీరు వేడిని కోల్పోయిందనే అర్థం రానక్కరలేదు. ఆ నీరు తప్పుకుని, దాని స్థానంలోకి వేరే నీరు వచ్చి ఉండవచ్చు. మీరు చూసింది అంతర్గత తరంగం, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే అంతర్గత పోటు. ఖండతీరపు వాలు మీదుగా ఆటుపోట్ల ప్రవాహం ముందుకూ వెనక్కూ సాగినప్పుడు లోపలి పొరలు పైకీ కిందికీ ఊగుతాయి, ఆ ఊపు తీరం వైపు నడిచి వస్తుంది. గ్లాసులో పాల మీద డికాషన్‌ను నెమ్మదిగా పోసి గ్లాసును కొద్దిగా వంచితే, రెండింటి మధ్య సరిహద్దు వంగుతుంది గాని ఒకదానిలో ఒకటి కలవదు. ఇదీ అలాంటిదే.

మీ అంకెలతోనే చూద్దాం. 30, 50 మీటర్ల మధ్య 4 డిగ్రీల తేడా ఉంది కాబట్టి మీటరుకు 0.2 డిగ్రీ చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతోంది. 3 డిగ్రీల మార్పు రావాలంటే పొరలు 15 మీటర్లు పైకి లేస్తే చాలు. ఆరు గంటల్లో 15 మీటర్లంటే సెకనుకు 0.7 మిల్లీమీటరు మాత్రమే. కంటికి ఆనని ఈ కదలిక మీ లెక్కలో పదకొండు వేల వాట్లుగా కనబడింది. పొరలు లేచినప్పుడు పైనున్న వెచ్చని నీరు పలచబడి పక్కకు జరుగుతుంది. మీ తాడు దగ్గర నుంచి వేడి పోయిన మాట నిజమే, కాని అది పోయింది అడ్డంగా, ఆ నీటితోపాటే. అందుకే సగం రోజు తిరిగేసరికి మళ్లీ వచ్చింది.

కాబట్టి లోతు వారీగా ఉష్ణోగ్రతను గీసే అలవాటును పక్కనపెట్టి, ఉష్ణోగ్రత వారీగా లోతును గీయండి. 25 డిగ్రీల నీరు మొదట 42.5 మీటర్ల దగ్గర ఉంది, ఆరు గంటల తరువాత 27.5 మీటర్లకు వచ్చింది. అదే సమయంలో 26 డిగ్రీల గీత, 24 డిగ్రీల గీత కూడా దాదాపు అంతే లేచి, వాటి మధ్య దూరం మారకుండా ఉంటే, అది వట్టి ఊగిసలాట. ఆ దూరం క్రమంగా పెరుగుతూ పోతే, ఆ మధ్యలో నీరు కలుస్తోందని అనుమానించవచ్చు. తరంగం కూడా ఆ దూరాన్ని సాగదీస్తుంది, కుదిస్తుంది కాబట్టి కొన్ని పోట్ల మీద సగటు తీసిన తరువాతే ఆ మాట అనాలి.

ఇది మన తీరానికి కొత్త విషయం కూడా కాదు. 1950లలో అమెరికా నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్, ఇక్కడి పరిశోధకులతో కలిసి విశాఖ ముందరి సముద్రంలో ఈ ఊగిసలాటలనే కొలిచారు. అప్పటి బాతీథర్మోగ్రాఫ్‌లో, అంటే నీటిలోకి దింపి లోతు వారీగా ఉష్ణోగ్రతను గీయించే పరికరంలో, పూత పూసిన చిన్న గాజు పలక మీద సూది ఒక గీత గీసేది. ఆ గీతను భూతద్దంలాంటి పరికరంలో చూసి లోతునూ ఉష్ణోగ్రతనూ చదువుకోవలసి వచ్చేది. ఆ రోజుల్లో వాళ్లు గంటలకొద్దీ పడవను ఒకేచోట నిలిపి, ఆ పరికరాన్ని మళ్లీ మళ్లీ దింపితే గాని తెలియని సంగతిని మీ లాగర్లు నిద్రపోకుండా నమోదు చేశాయి.

రెండు జాగ్రత్తలు చెబుతాను. మొదటిది వ్యవధికి సంబంధించినది. ప్రధాన పోటు ఆవర్తన కాలం 12 గంటల 25 నిమిషాలు. గాలి వీచి ఆగిన తరువాత భూభ్రమణం వల్ల నీరు సుడి తిరిగే కాలం అక్షాంశాన్ని బట్టి మారుతుంది, విశాఖ దగ్గర అది దాదాపు 39 గంటలు. ఈ రెండూ సగటులో కొట్టుకుపోవాలంటే రికార్డు కనీసం రెండు వారాలైనా ఉండాలి, అప్పుడే పౌర్ణమి, అమావాస్యల పెద్ద పోట్లూ, అష్టమి నాటి చిన్న పోట్లూ రెండూ అందులోకి వస్తాయి. రెండవది తాడు. ప్రవాహం బలంగా ఉన్నప్పుడు తాడు వాలిపోతుంది, అప్పుడు 40 మీటర్లని మీరు రాసుకున్న లాగర్ నిజానికి 44 మీటర్ల దగ్గర ఉండవచ్చు. బెండ్ల గుత్తికి దగ్గరగా ఒకటి, మధ్యలో ఒకటి పీడనాన్ని కూడా కొలిచే లాగర్లు లేకపోతే, వాలిన తాడుకూ లేచిన పొరకూ తేడా చెప్పడం ఎవరి తరమూ కాదు.

గాజుసూది రాసిన సమాధానం:

పాత వాల్తేరు గారు చెప్పిన దానితో పూర్తిగా ఏకీభవిస్తూ, మీ రెండవ ప్రశ్నకు వస్తాను. పరిశోధన నౌకల మీద నేను చేసే పని ఇదే.

నీరు కదలకుండా ఉండి, వేడి అణువుల ద్వారా మాత్రమే ప్రయాణిస్తే, దాని విసరణ గుణకం, అంటే వేడి ఎంత వేగంగా వ్యాపిస్తుందో చెప్పే అంకె, సెకనుకు 0.0014 చదరపు సెంటీమీటరు. ఆ లెక్కన ఎండ వేడి థర్మోక్లైన్‌ను, అంటే లోతుతోపాటు ఉష్ణోగ్రత వేగంగా తగ్గే పొరను, దాటి కిందికి వెళ్లడం దాదాపు జరగని పని. సముద్రంలో ఆ పనిని నడిపించేది టర్బులెన్స్, అంటే సెంటీమీటరు నుంచి మీటరు పరిమాణం వరకు ఉండే సుడులు. అవి వెచ్చని నీటినీ చల్లని నీటినీ పలచని పోగులుగా సాగదీసి, అణువులు పని చేయగలిగినంత దగ్గరికి చేరుస్తాయి. అందువల్ల కొలవవలసింది ఆ పోగులనే.

అందుకు వాడే పరికరం సన్నని గొట్టంలా ఉంటుంది, సెకనుకు 60, 70 సెంటీమీటర్ల వేగంతో స్వేచ్ఛగా పడుతుంది. దాని ముక్కు దగ్గర రెండు రకాల సెన్సర్లు ఉంటాయి. ఒకటి గాజు మొనలో పొదిగిన చిన్న థర్మిస్టర్ పూస, సెకనులో వందో వంతు కాలంలోనే ఉష్ణోగ్రత మార్పును పసిగడుతుంది. రెండవది మెత్తని రబ్బరు తొడుగున్న మొన. పక్కనుంచి తగిలే సుడుల తోపుడుకు అందులోని పీడన స్ఫటికం స్పందిస్తుంది. ఈ మొనలను డెక్ మీద వేలితో తాకకూడదు. కొత్తగా వచ్చిన వాళ్లకు మేము ముందుగా చెప్పేది అదే, అయినా ప్రతి యాత్రలోనూ ఒకటైనా విరుగుతుంది. పరికరం పడుతున్నంతసేపూ కేబులు వదులుగా ఉండాలి. కేబులును చుట్టి వదిలే వించి దగ్గర ఉన్నవాడు ఒక్క క్షణం ఏమరుపాటుగా ఉండి కేబులు బిగిస్తే, నౌక ఊగిసలాట కేబులు గుండా మొనకు చేరి, సముద్రంలో లేని సుడులు కాగితం మీద కనిపిస్తాయి. పై ఐదు నుంచి పది మీటర్ల రికార్డును నౌక కదలికే పాడుచేస్తుంది కాబట్టి దాన్ని మేము వదిలేస్తాము.

లెక్కకు రెండు మార్గాలు ఉన్నాయి. 1972లో ఆస్బోర్న్, కాక్స్ చూపిన మార్గంలో సూక్ష్మ ఉష్ణోగ్రత భేదాలు ఎంత వేగంగా చెరిగిపోతున్నాయో చూసి విసరణ గుణకాన్ని రాబడతారు. 1980లో ఆస్బోర్న్ ఇచ్చిన మార్గంలో సుడుల శక్తి రాపిడిలో ఎంత ఖర్చవుతోందో కొలిచి, దానిలో ఐదో వంతుకు సమానమైన శక్తి పొరలను కలపడానికి పోతోందని తీసుకుంటారు. ఆ ఐదో వంతు అన్నది అన్ని చోట్లా సరిపోతుందా అన్న వాదన ఇంకా సాగుతూనే ఉంది. నా మటుకు నేను రెండు మార్గాలూ దగ్గరగా వచ్చిన చోటనే అంకెను నమ్ముతాను.

ఈ అంకెలను వేరే దారిలోనూ పరీక్షించారు. 1992లో తూర్పు అట్లాంటిక్‌లో సుమారు 300 మీటర్ల లోతున సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే జాడ తెలిపే పదార్థాన్ని పలచని పొరగా వదిలి, నెలల తరువాత అది నిలువుగా ఎంత వ్యాపించిందో చూశారు. విసరణ గుణకం సెకనుకు 0.1, 0.2 చదరపు సెంటీమీటర్ల మధ్య వచ్చింది. గాజు మొనలు చెప్పిన దానితో అది సరిపోయింది.

ఇప్పుడు మీ తాడు దగ్గరికి రండి. గుణకం 0.1 అనుకుంటే, మీటరుకు 0.2 డిగ్రీ వాలు ఉన్న మీ పొర గుండా కిందికి దిగే వేడి చదరపు మీటరుకు దాదాపు 8 వాట్లు. తీరపు అంచు మీద అంతర్గత తరంగాలు విరిగే చోట గుణకం పదింతలు ఉన్నా 80 వాట్లే. మీకు వచ్చిన 11,400తో పోల్చి చూడండి. మీరు వెతుకుతున్నది మీరు చూసిన దానిలో వెయ్యో వంతు, లేదా నూటయాభయ్యో వంతు. పది నిమిషాలకు ఒకసారి కొలిచే లాగర్లతో దాన్ని నేరుగా పట్టుకోవడం సాధ్యం కాదు.

లోతుకొలత:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఉష్ణోగ్రత గీతలను గీసి చూశాను. 24, 25, 26 డిగ్రీల గీతలు నిజంగానే కలిసి లేచి కలిసి దిగాయి. అయితే ఒక ప్రశ్న మిగిలింది. గాజు మొనల పరికరం మా కళాశాల స్థోమతకు అందేది కాదు. దానికి బదులుగా పై పొర మొత్తానికి జమాఖర్చులు రాస్తే సరిపోదా? పైనుంచి వచ్చిన వేడి ఎంతో తెలిసి, పొర ఎంత వేడెక్కిందో తెలిస్తే, మిగిలినది కిందికి దిగిందని చెప్పవచ్చు గదా?

గ్రిడ్‌పాయింట్ (హైదరాబాద్) రాసిన సమాధానం:

లోతుకొలత గారూ, పద్ధతి సరైనదే. అయితే మీరు "మిగిలినది" అంటున్న దానిలోకి అన్ని పద్దుల పొరపాట్లూ వచ్చి చేరతాయి. ఒక్కొక్కటీ చూడండి.

పై నుంచి నికరంగా చదరపు మీటరుకు 100 వాట్ల వేడి దిగి, అదంతా 20 మీటర్ల పొరలోనే నిలిస్తే, ఆ పొర రోజుకు దాదాపు 0.1 డిగ్రీ వేడెక్కుతుంది. మీ లాగర్ల మధ్య 0.05 డిగ్రీ తేడా ఉన్నా లెక్కలో సగం పోయినట్లే. ఎండలోని ఎరుపు, పరారుణ భాగాలు పై మీటరు, రెండు మీటర్లలోనే ఇంకిపోతాయి. నీలి, ఆకుపచ్చ కాంతి మాత్రం లోతుకు పోతుంది. నడి సముద్రపు స్వచ్ఛమైన నీటిలో ఉపరితలం దాటిన ఎండలో ఇంచుమించు 18 శాతం 20 మీటర్ల కిందికి చేరుతుంది. విశాఖ తీరంలో నీటి మొక్కలూ బురదా కలిసిన నీటిలో అది చాలా తక్కువ ఉంటుంది. ఏ రోజు ఎంతన్నది కాంతిని కొలిస్తేనే చెప్పగలం. ఉపగ్రహం ఇచ్చే ఉపరితల ఉష్ణోగ్రత ఇక్కడ పెద్దగా ఆదుకోదు. పరారుణ సెన్సర్ చూసేది మిల్లీమీటరులో వందో వంతు పాటి పైచర్మాన్ని మాత్రమే.

అన్నిటికంటే పెద్ద చిక్కు అడ్డంగా సాగే ప్రవాహం. మార్చి, ఏప్రిల్ నెలల్లో తూర్పు తీర ప్రవాహం మన తీరం వెంట ఉత్తరంగా బలంగా నడుస్తుంది. అక్టోబరు వచ్చేసరికి అది దిశ మార్చుకుని దక్షిణంగా సాగుతుంది. ప్రవాహ వేగం సెకనుకు 30 సెంటీమీటర్లు, దాని దారిలో 50 కిలోమీటర్లకు అర డిగ్రీ తేడా ఉందనుకోండి. ఆ ఒక్క కారణంగానే మీ 20 మీటర్ల పొరలోకి చదరపు మీటరుకు 240 వాట్లకు పైగా వేడి వస్తుంది, లేదా పోతుంది. అది ఎండ ఇచ్చే నికర వేడికి రెండింతలు. ఒక్క తాడుతో ఈ పద్దు రాయలేరు. అందుచేత తీరానికి దగ్గరగా ఒకే తాడు మీద ఆధారపడిన జమాఖర్చును నేను నమ్మను.

ఉప్పు సంగతి కూడా చెప్పాలి. ఏప్రిల్‌లో మీరు ఉష్ణోగ్రతతోనే పై పొర మందాన్ని నిర్ణయించినా పెద్దగా నష్టం లేదు. అదే పని అక్టోబరు, నవంబరులలో చేస్తే మోసపోతారు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది మోసుకొచ్చిన మంచినీటిని తీర ప్రవాహం దక్షిణానికి తోస్తుంది, అప్పుడు విశాఖ ముందర ఉపరితల లవణీయత (కిలో నీటిలో ఉప్పు సుమారు ఎన్ని గ్రాములో చెప్పే అంకె) 30 కంటే తక్కువకు పడిపోతుంది. 28 డిగ్రీల దగ్గర లవణీయతలో ఒక్క యూనిట్ తేడా చూపే ప్రభావం, సాంద్రత విషయంలో రెండు డిగ్రీల ఉష్ణోగ్రత తేడా కంటే ఎక్కువ. పది మీటర్ల పలచని మంచినీటి పొర కింద ఉష్ణోగ్రత మాత్రం 40, 50 మీటర్ల దాకా ఒకేలా ఉండవచ్చు. థర్మామీటరును నమ్మితే మిశ్రమ పొర, అంటే గాలి కలిపి ఒకేలా ఉంచే పై పొర, 50 మీటర్లని రాస్తారు, నిజానికి గాలి కలపగలిగేది పై పది మీటర్లనే. ఆ పది మీటర్లకూ 50 మీటర్లకూ నడుమ ఉన్న భాగాన్నే అవరోధ పొర అంటారు.

శీతకాలంలో ఉత్తర బంగాళాఖాతంలో ఇంకో విచిత్రం జరుగుతుంది. పైనున్న మంచినీరు చల్లబడినా తేలికగానే ఉంటుంది కాబట్టి మునగదు, దాని కింద అంతకంటే వెచ్చని నీరు చిక్కుకుని ఉంటుంది. అప్పుడు టర్బులెన్స్ వేడిని కిందికి దింపదు, పైకి తెస్తుంది. గుణకాన్ని ఉష్ణోగ్రత వాలుతో గుణించి గాజుసూది గారు వాట్లు రాబట్టిన లెక్కలో వాలు గుర్తు మారుతుంది, అంతే.

తుపానులను అంచనా వేసే మా వంటి వాళ్లకు ఇదంతా ముఖ్యం. 26 డిగ్రీల నీరు ఏ లోతు వరకు ఉందో చూసి, ఆ పైనున్న అదనపు వేడిని కూడుతాము. 80 మీటర్ల వరకు సగటున 28.5 డిగ్రీలు ఉంటే, అది చదరపు సెంటీమీటరుకు దాదాపు 82 కిలోజౌళ్లు అవుతుంది. సాధారణంగా తుపాను నీటిని కలిపి, కింది చల్లదనాన్ని పైకి తెచ్చి తన ఆజ్యాన్ని తానే తగ్గించుకుంటుంది. వానాకాలం తరువాత ఉత్తర బంగాళాఖాతంలో మంచినీటి పొర ఆ కలయికను అడ్డుకుంటుంది కాబట్టి ఉపరితలం పెద్దగా చల్లబడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకింది కూడా ఆ ఋతువులోనే. ఒక తుపాను బలానికి పైగాలుల తీరు వంటి ఇతర కారణాలూ ఉంటాయి కాబట్టి, అంతా సముద్రం పైకే తోయడం నాకు ఇష్టం లేదు.

ఇక ఆర్గో బోయాల విషయం. ప్రపంచ సముద్రాల్లో దాదాపు 4,000 బోయాలు వెయ్యి మీటర్ల లోతున తేలుతూ, పది రోజులకు ఒకసారి రెండు వేల మీటర్ల నుంచి పైకి వస్తూ ఉష్ణోగ్రతనూ లవణీయతనూ కొలుస్తాయి. ఆ సమాచారాన్ని హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ అందరికీ ఉచితంగా ఇస్తుంది. మీ తాడు వెలుపల నడి సముద్రంలో పొరల తీరు తెలుసుకోవడానికి అది చాలు. మీ 60 మీటర్ల నీటిలోకి మాత్రం ఆర్గో రాదు.

పాత వాల్తేరు:

గ్రిడ్‌పాయింట్ గారూ, ఒకే తాడు మీద జమాఖర్చు నిలవదన్న మాట నిజమే. అయితే దాన్ని విద్యార్థులకు మూసిన తలుపుగా చూపించకండి. ఇప్పుడున్న తాడుకు తోడు తీరానికి సమాంతరంగా ఒకటి, సముద్రం లోపలికి ఒకటి, మొత్తం మూడు తాళ్లు నిలబెడితే అడ్డంగా ఉన్న ఉష్ణోగ్రత వాలు తెలుస్తుంది. ప్రవాహ వేగానికి అడుగున ఒక ఎ.డి.సి.పి. (ధ్వని తరంగాలతో వివిధ లోతుల్లో ప్రవాహ వేగాన్ని కొలిచే పరికరం) ఉంచాలి, అది ఇక్కడి పరిశోధన సంస్థల దగ్గర ఉంటుంది కాబట్టి అడిగితే సహకారం దొరకవచ్చు. అప్పుడు కూడా నిలువు వేడిని కచ్చితంగా చెప్పలేకపోవచ్చు గాని, అది ఏ అంకెను మించదో చెప్పగలుగుతారు. నా దృష్టిలో డిగ్రీ విద్యార్థుల ప్రాజెక్టుకు అది చాలా మంచి ఫలితం.

గాజుసూది:

లోతుకొలత గారికి చివరిగా ఒక పనికొచ్చే మాట. కొత్త పరికరం కొనకుండానే మీరు మిశ్రమం జాడను చూడగలిగే మార్గం ఒకటి ఉంది. 30, 50 మీటర్ల మధ్య లాగర్లను రెండేసి మీటర్లకు ఒకటి చొప్పున దగ్గరగా కట్టి, వ్యవధిని పది నిమిషాల నుంచి పది సెకన్లకు తగ్గించండి. ఏప్రిల్‌లో సాంద్రతను ఎక్కువగా ఉష్ణోగ్రతే నిర్ణయిస్తుంది కాబట్టి, ఎక్కడైనా చల్లని నీరు వెచ్చని నీటి మీదికి ఎక్కి కనిపిస్తే అక్కడ తరంగం విరుగుతోందని అర్థం. అలా తలకిందులైన నీటిని కాగితం మీద తిరిగి వరుసలో పేర్చడానికి ఒక్కొక్క బిందువును ఎంత దూరం జరపవలసి వచ్చిందో లెక్కిస్తే, టర్బులెన్స్ బలానికి ఒక ఉజ్జాయింపు వస్తుంది. 1977లో థోర్ప్ చూపిన పద్ధతి ఇదే. లాగర్ల స్పందన కాలం ఎంతో ముందుగా చూసుకోండి. లావాటి ప్లాస్టిక్ తొడుగున్నవి స్థిరపడడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి, వాటితో ఈ పని కాదు. మెమరీ, బ్యాటరీ రెండు వారాలకు సరిపోవాలి కాబట్టి పది సెకన్లు కుదరకపోతే ముప్పై సెకన్లకు పెట్టండి. అంతకంటే పెంచితే విరిగే తరంగాలు మీ రికార్డు సందుల్లోంచి జారిపోతాయి. తాడును దింపే ముందు లాగర్లన్నిటినీ ఒకే బక్కెట్టు సముద్రపు నీటిలో ఒక గంటసేపు ఉంచి, వాటి మధ్య తేడాలను రాసుకోండి.